హార్లిక్స్ సీసాలో తెల్ల చుక్కలు
పెంపుడు సాలీడు ఇంట్లోకి పిలవకుండా వచ్చే ప్రాణులెవరు? వాటిని ఏం చేయాలి?

ఎదురింటి అబ్బాయి ఇంటర్ బైపీసీ చదువుతున్నాడు. జూలైలో ఓ సాయంత్రం వాన వెలిశాక, ఒక హార్లిక్స్ సీసాను రెండు చేతులా పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"మాస్టారూ, మా సాలీడుకి పేలు పట్టాయి. చచ్చిపోతుందేమో, కాస్త చూడండి."

సీసాలో ఉన్నది మన గోడల మీద, కిటికీ చువ్వల మీద అందరం చూసే ఎగిరే సాలీడే. అది వల కట్టి కూర్చోదు. ఈగ కనబడితే పిల్లిలా పొంచి, ఒక్కసారిగా మీదికి దూకుతుంది. ముందువైపు రెండు పెద్ద కళ్లు. మనం వేలు చూపిస్తే వేలు వైపే తిరిగి చూస్తుంది. ఆ చూపు నచ్చే తెచ్చుకున్నానని చెప్పాడు. వాళ్లమ్మ మేడ మీది కుండీల కోసం తెప్పించిన కొబ్బరిపొట్టును సీసాలో రెండు అంగుళాల మందాన పరిచాడు. ఒక ఎండు పుల్ల నిలబెట్టాడు. మూతకు మేకుతో నాలుగు చిల్లులు పొడిచాడు. ఫోన్లో విదేశీ వీడియోలు చూసి పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరిస్తూ వచ్చాడు.

మూడు వారాలు గడిచేసరికి ఆ తడి పొట్టు మీద, గాజు గోడల మీద, సాలీడు తినగా మిగిలిన ఈగ డొక్క మీద సుద్దపొడి రాలినట్టు తెల్లటి చుక్కలు కనిపించాయి. కాసేపు చూస్తే ఆ చుక్కలు కదులుతున్నాయి. సాలీడు కాళ్ల మీద కూడా రెండు మూడు ఉన్నాయి. ఇంట్లోవాళ్లు దోమల మందు కొట్టి సీసా బయట పారేయమన్నారట. అదృష్టవశాత్తూ వాడు ముందు మా ఇంటికొచ్చాడు.

వచ్చినవాళ్లు చుట్టాలే

ముందు కాళ్లు లెక్కపెట్టమన్నాను. చీమకు, ఈగకు, బొద్దింకకు ఆరు కాళ్లు. సాలీడుకు ఎనిమిది. తేలుకూ ఎనిమిదే. పశువుల చెవుల్లో పట్టే గోమారికి ఎనిమిది. మిరప ఆకుల్ని ముడుచుకుపోయేలా చేసే నల్లికీ ఎనిమిదే. ఈ ఎనిమిది కాళ్లవన్నీ ఒకే పెద్ద కుటుంబం. కీటకాలది వేరే శాఖ.

పట్నంలో 'నల్లి' అంటే మంచాల్లోని నల్లి గుర్తుకొస్తుంది. అది ఆరు కాళ్ల కీటకం. మిరప రైతులు నల్లి అనేది మాత్రం వేరు. అది సాలీళ్ల చుట్టం, చాలా చిన్నది, కంటికి ఆనీ ఆననట్టుంటుంది. ఈ వ్యాసంలో నల్లి అంటే రైతుల నల్లే. ఆ కుటుంబంలో అందమైనదాన్ని చూడాలనుకుంటే ఆరుద్ర కార్తెలో తొలకరి పడ్డాక పొలం గట్టుకు వెళ్లండి. ఎర్రని మఖ్మల్ గుడ్డ తొడిగినట్టు తడి నేల మీద నడిచే ఆరుద్ర పురుగు కూడా ఒక నల్లే. పిల్లగా ఉన్నప్పుడు అది మిడతల్లాంటి ప్రాణులకు అతుక్కుని వాటి రసం పీల్చి బతుకుతుంది. పెద్దదయ్యాక మట్టిలో చిన్న ప్రాణుల్ని, వాటి గుడ్లను వేటాడుతుంది.

అంటే సాలీడు సీసాలోకి దూరింది కూడా ఎనిమిది కాళ్ల ప్రాణే కావచ్చు. 'పురుగుల మందు' ఇక్కడెందుకు పనికిరాదో ఆ సంగతి అప్పుడే సగం చెప్పేస్తోంది. మిగతా సగానికి తర్వాత వస్తాను.

అబ్బాయి రంగులు వేసే సన్న కుంచె తెచ్చాడు. దాని కొసతో ఒక్కో చుక్కనూ ముట్టుకోమన్నాను. మూడో చుక్కను తాకగానే అది మాయమై అంగుళం అవతల తేలింది. ఇంకొకటీ అంతే. గాజు మీద ఉన్నవి మాత్రం ఎంత తాకినా మెల్లగా పక్కకు జరిగాయి తప్ప ఎగరలేదు. ఆ సీసాలో ఉన్నవి రెండు రకాలు.

ఎగిరినది స్ప్రింగ్‌టెయిల్. దీని పొట్ట కింద చీలిన తోక లాంటి భాగం ఒకటి ముందుకు మడిచి ఉంటుంది. దాన్ని ఒక చిన్న కొక్కెం పట్టి ఉంచుతుంది. ప్రమాదం అనిపించగానే కొక్కెం వదులుతుంది, తోక నేలను తన్నుతుంది, ప్రాణి గాల్లోకి లేస్తుంది. ఎలుకల బోనులో స్ప్రింగు ఎలా పడుతుందో ఇదీ అంతే. ఆరు కాళ్లున్నా శాస్త్రవేత్తలు ఇప్పుడు దీన్ని కీటకాల్లో కలపడం లేదు. ఇది తినేది బూజు, కుళ్లిన ఆకు. సాలీడుకు ఏ హానీ చేయదు. విదేశాల్లో చాలామంది సాలీళ్ల పెంపకందార్లు బొగ్గు ముక్కలు, నీళ్లు ఉన్న డబ్బాల్లో వీటిని పెంచి, బూజు శుభ్రం చేయడానికి కావాలనే పెట్టెల్లో వదులుతారు.

ఎగరనిది నల్లి. సన్న ఉప్పు రేణువంత కూడా ఉండీ ఉండనట్టుంటుంది. ఆ సీసాలో చేరినవి ధాన్యంలో, పాత పిండిలో, ఎండుచేపల్లో, బూజు మీద పెరిగే జాతి నల్లులు. పెంపుడు సాలీళ్ల పెట్టెల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. సాలీడు రక్తం పీల్చే నల్లులూ ఉన్నాయి కానీ అవి అరుదు. ఎక్కువగా అడవి నుంచి అప్పుడే తెచ్చిన సాలీళ్ల మీదే ఉంటాయి. బూజు నల్లి వచ్చింది సాలీడు కోసం కాదు. దాని దృష్టంతా ఆ ఈగ డొక్క మీదే.

పెట్టె కథనం: ఫోనే భూతద్దం
సన్న పుల్లతో ఒకే ఒక నీటి బొట్టును ఫోన్ ముందు కెమెరా అద్దం మీద ఉంచండి. బొట్టు జారకుండా ఫోన్‌ను వెల్లకిలా పడుకోబెట్టండి. బొట్టు తలతన్యత వల్ల గుండ్రంగా నిలిచి కుంభాకార కటకంలా పనిచేస్తుంది. గాజు పలక మీద నల్లిని ఉంచి బొట్టుకు దగ్గరగా తెస్తే కాళ్లు లెక్కపెట్టేంత పెద్దగా కనబడుతుంది. ఒక జాగ్రత్త: గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన నల్లి పిల్లకు ఆరు కాళ్లే ఉంటాయి. నాలుగైదింటిని చూశాకే తేల్చుకోండి.

మూత పెట్టిన సీసాలోకి ఎలా వచ్చాయి?

సగం కొబ్బరిపొట్టుతోనే వచ్చి ఉంటాయి. స్ప్రింగ్‌టెయిళ్లు తడి మట్టి ఉన్న దాదాపు ప్రతి కుండీలోనూ ఉంటాయి. నల్లి వచ్చిన దారి మాత్రం కొంచెం వింతగా ఉంటుంది.

సాయంత్రం షిఫ్టు వేళ మా విశాఖ కూర్మన్నపాలెం జంక్షన్లో నిలబడి చూడండి. స్టీలు ప్లాంటు గేటు వైపు పోయే బండి కనబడితే చాలు, ఎవరో ఒకరు చెయ్యి ఊపి లిఫ్ట్ అడుగుతారు. బూజు నల్లుల్లో కొన్ని జాతులకు సరిగ్గా ఇలాంటి వయసు ఒకటి ఉంది. తిండి తగ్గి, జనం పెరిగి, చుట్టూ తేమ ఆరిపోతున్నప్పుడు కొన్ని పిల్ల నల్లులు మామూలుగా పెరగకుండా ఒక ప్రయాణపు రూపం తీసుకుంటాయి. ఆ రూపంలో తినే నోరుండదు. చర్మం గట్టిపడుతుంది. పొట్ట కింద అంటుకునే బిళ్లల వరుస వస్తుంది. ఈగో, బొద్దింకో, కీచురాయో పక్కగా పోతే దానికి అతుక్కుంటుంది. తిండి, తడి ఉన్న చోటు చేరాక దిగి మళ్లీ మామూలు నల్లిగా మారుతుంది. అబ్బాయి సాలీడు కోసం పట్టి తెచ్చిన ఈగల మీద ఎక్కి ఎన్ని వచ్చాయో!

సాలీడు కాళ్ల మీద కనిపించినవి కూడా ఇలాంటి ప్రయాణికులే అయ్యుండొచ్చు. బస్సు ఎక్కినవాళ్లు బస్సును తినరు. కానీ బస్సు నిండా జనం వేలాడితే నడపడం కష్టమవుతుంది. ఆ సంగతి ముందుకెళ్లాక చెబుతాను.

ఉప్పు డబ్బా చెప్పే సంగతి

ఇవి వచ్చాయన్న దానికంటే, వచ్చినవి వందలుగా ఎందుకు పెరిగాయన్నదే అసలు ప్రశ్న.

విశాఖ తీరంలో వానాకాలం వచ్చిందంటే వంటింట్లో మొదట తెలిసేది ఉప్పు డబ్బాకే. అప్పడాలు మెత్తబడతాయి, ఉప్పు చెమరుస్తుంది. ఉప్పులోని ప్రతి రేణువూ గాలిలో ఆవిరిగా ఉన్న నీటిని లాక్కుంటుంది. శుద్ధమైన ఉప్పయితే గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటినప్పుడు కరగడం మొదలవుతుంది. మన మామూలు ఉప్పులో వేరే లవణాలు కలిసి ఉంటాయి కాబట్టి ఇంకాస్త ముందే చెమరుస్తుంది.

నల్లికి ఒంటి మీదే ఒక ఉప్పు డబ్బా ఉంది. ఇంటి దుమ్ములో బతికే నల్లుల్లో శాస్త్రవేత్తలు దీన్ని వివరంగా చూశారు. ముందు కాళ్ల మొదట్లో ఉన్న గ్రంథుల నుంచి ఉప్పు ద్రవం ఊరుతుంది. గాలిలో తేమ చాలినంత ఉంటే ఆ ఉప్పు గాలిలోని నీటిని లాగుతుంది. ఆ నీరు సన్న కాలువ వెంట నోటి దాకా జారుతుంది. నల్లికి కుండలో నీళ్లతో పని లేదు, గాలినే తాగుతుంది. గాలి పొడిబడితే ఉప్పు గడ్డకట్టి కాలువ మూసుకుపోతుంది. అప్పటినుంచి దాని ఒంట్లో నీరు పోవడమే కానీ రావడం ఉండదు. ఈ రెండింటి మధ్య గీత దాదాపు 70 శాతం తేమకు అటూ ఇటూ ఉంటుంది, జాతిని బట్టి కొంచెం మారుతుంది.

ఇప్పుడు మళ్లీ హార్లిక్స్ సీసాను చూడండి. బయటి గాలిలోనే తేమ ఎక్కువ. లోపల తడి పొట్టు. రోజుకు రెండుసార్లు నీటి తుంపర. మూతకు నాలుగే చిల్లులు, అవీ పైనే. గాలి కిందనుంచి వచ్చి పైనుంచి పోయే దారి లేదు. మూలన ఈగ డొక్క, దాని మీద బూజు. నల్లికి ఇంతకంటే ఏం కావాలి? వెచ్చని తేమలో అది గుడ్డు నుంచి పెద్దదవడానికి రెండు వారాలు చాలు. ఒక్కో ఆడ నల్లి వందల గుడ్లు పెట్టగలదు. మూడు వారాలకు ఆ సీసా అలా కనిపించడంలో వింతేమీ లేదు.

అడవిలో మాత్రం ఇలా జరగదు. చెట్టు తొర్రలోనూ నల్లులుంటాయి, బూజు ఉంటుంది. కానీ అక్కడ చీమలున్నాయి, నల్లిని తినే నల్లులున్నాయి, మధ్యాహ్నపు ఎండ ఉంది, గాలి ఉంది. అంతకీ ఇబ్బందయితే సాలీడు ఇల్లు మారుస్తుంది. సీసాలో ఉన్న సాలీడుకు ఇల్లు మారే దారి లేదు. ఆ పని మనమే చేయాలి.

గుత్తి సాలీడు, పరాయి ఊరి సలహా

నీళ్లు చిలకరించమన్న వీడియో తప్పు చెప్పిందా? చెప్పినవాళ్ల ఊరికి తప్పు కాదు. దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ మన తెలుగు నేలదే.

నెమలి మెడ లాంటి నీలి రంగు, కాళ్ల మీద పసుపు మచ్చలు ఉన్న పెద్ద సాలీడు ఒకటుంది. దాని శాస్త్రీయ నామం పీసిలోథీరియా మెటాలికా. ప్రపంచమంతా దాన్ని గుత్తి టరాంటులా అని పిలుస్తారు. 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త ఆర్. ఐ. పోకాక్ దాన్ని తొలిసారి వర్ణించాడు. ఆయన దగ్గరున్నది ఒకే ఒక్క ఆడ సాలీడు, అది గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికింది. ఆ తర్వాత నూరేళ్లకు పైగా ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ దొరికింది. అది గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరం. గుత్తిలో దొరికిన సాలీడు దుంగల్లో దాక్కుని రైల్లో అక్కడికి వచ్చి ఉంటుందని పరిశోధకులు భావిస్తారు. మన ఊరి పేరు మోస్తున్న సాలీడు కూడా పిలవకుండా వచ్చిన ప్రయాణికురాలే!

ఆ అడవి ముక్క కలప కోసం, కట్టెల కోసం తరిగిపోతోంది. 2008లో ఐయూసీఎన్ ఈ జాతిని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. 100 చదరపు కిలోమీటర్ల లోపు అడవే దానికి మిగిలిన ఇల్లు. అదే సమయంలో యూరప్, అమెరికా దేశాల్లో వేల గాజు పెట్టెల్లో పెంపుడు సాలీడుగా దాని పిల్లలు పెరుగుతున్నాయి. 2019లో జెనీవాలో జరిగిన సైటీస్ సమావేశం ఈ సాలీళ్ల ప్రజాతి మొత్తాన్నీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలోకి తెచ్చింది. అందుకే అడవి నుంచి టరాంటులాను తెచ్చి పెంచాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే నేను గట్టిగా వద్దంటాను. అలా తెచ్చిన ఒక్క ఆడ సాలీడు ఒక తరానికి తల్లి కావచ్చు.

ఆ గాజు పెట్టెలున్న యూరప్, అమెరికాల్లో శీతాకాలం హీటర్లు వేసిన గదిలో గాలి తేమ బాగా పడిపోతుంది. ఆ గాలిలో పెట్టె తొందరగా ఆరిపోతుంది కాబట్టి అక్కడివాళ్లు నీళ్లు చిలకరించమంటారు. అదే మాట కూర్మన్నపాలెంలో జూలై నెలలో పాటిస్తే ఎండబెట్టాల్సిన దాన్ని నానబెట్టినట్టవుతుంది. వేసవిలో గుత్తి గాలి వేరు, మన సముద్రపు గాలి వేరు. పెంచే ప్రాణి ఏ దేశందైనా, నీళ్లెంత పోయాలన్నది మన ఉప్పు డబ్బాను చూసి నిర్ణయించాలి.

మామిడి ఒరుగు, మామిడి పండు

"ఎండబెడితే సాలీడు కూడా చస్తుంది కదా మాస్టారూ" అన్నాడు అబ్బాయి. మంచి ప్రశ్న.

మామిడికాయను ముక్కలు కోసి ఎండలో వేస్తే నాలుగు రోజుల్లో ఒరుగులవుతాయి. కోయకుండా కాయను అలాగే పెడితే వారమైనా లోపల రసం ఉంటుంది. నీరు పోయేది ఒంటి పైనుంచి, నీరు దాచుకునేది ఒంటి లోపల. ముక్క చిన్నదయ్యేకొద్దీ లోపలి సరుకుతో పోలిస్తే పై చర్మం వాటా పెరుగుతుంది. నల్లి ఒక పిసరంత ముక్క. సాలీడు దానికి వేల రెట్లు పెద్ద కాయ. పైగా సాలీడు చర్మం మీద నీరు పోనివ్వని మైనపు పొర ఉంది.

ఇంకో తేడా కూడా ఉంది. సాలీడు నీళ్లను చుక్కగా, గిన్నెలోంచి తాగగలదు. అందుకని నేల పొడిగా ఉంచి, తాగడానికి మాత్రం నీళ్లు పెడితే ఆ ఒక్క మార్పు నల్లిని, సాలీడును విడదీస్తుంది. పెద్ద టరాంటులాకు సీసా మూతంత నీటి గిన్నె చాలు. ఎగిరే సాలీడు గిన్నె దగ్గరకు వెళ్లడం తక్కువ. దానికి రెండు రోజులకోసారి గాజు గోడ పైభాగాన ఒకటి రెండు చుక్కలు వేస్తే వెతుక్కుని తాగుతుంది. పొట్టు మీద పడకూడదు, అంతే.

సాలీడుకు నిజంగా ప్రమాదం ఎప్పుడు?

పదో ఇరవయ్యో నల్లులు మూలన తిరుగుతుంటే కంగారు అక్కర్లేదు. సాలీడు ఒంటి మీద గుంపు కట్టినప్పుడే ప్రమాదం. అవి తేమ వెతుక్కుంటూ వెళ్తాయి. సాలీడు ఒంటి మీద తేమ ఉండే చోట్లు రెండే: నోరు, ఊపిరి పీల్చే చీలికలు. సాలీడు పొట్ట కింద ఉండే ఆ చీలికల లోపల పుస్తకపు పేజీల్లా పలుచని రేకులు వరుసగా ఉంటాయి. వాటి మధ్యకు గాలి వెళ్తుంది, రేకుల్లో రక్తం పారుతుంది. అందుకే వాటికి పుస్తకాకార ఊపిరితిత్తులని పేరు. ఆ చీలికల దగ్గర నల్లులు కిక్కిరిస్తే గాలికి ఇబ్బంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది సాలీడు పొర విడిచే సమయం. పాత పొర లోంచి బయటికొచ్చిన సాలీడు కొత్త చర్మం మైనంలా మెత్తగా ఉంటుంది. కోరలు కూడా తెల్లగా, మెత్తగా ఉంటాయి. దేన్నీ అడ్డుకోలేదు. టరాంటులా అయితే వెల్లకిలా పడుకుని గంటల తరబడి కదలకుండా ఉంటుంది. చచ్చిందనుకుని పారేసిన వాళ్లున్నారు. ఆ సమయంలో తిండికని వేసిన కీచురాయి పెట్టెలో మిగిలిపోతే అదే సాలీడు కాళ్లు కొరికేస్తుంది. మన వంటింటి చీమల వరుస అటు తిరిగితే ఇక చెప్పక్కర్లేదు. సాలీడు తిండి మానేసి, పొట్ట నిగనిగలాడుతూ, ఒక మూల గూడు అల్లుకుంటోందంటే పొర విడవబోతోందన్నమాట. అప్పుడు పెట్టెలో ఇంకే ప్రాణీ ఉండకూడదు.

మందు కొడితే ఏమవుతుంది?

దోమల బిళ్లల్లో, ద్రవాల్లో, చీమల చాక్పీసుల్లో ఎక్కువగా ఉండేవి పైరిథ్రాయిడ్లు అనే రసాయనాలు. నరం వెంట సందేశం పోవాలంటే నరం గోడలో సన్నని తలుపులు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. ఈ మందు ఆ తలుపుల్ని మూసుకోనివ్వదు. నరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ప్రాణి వణికి, కాళ్లు ముడిచి పడిపోతుంది. ఆ తలుపులు దోమలోనూ ఉన్నాయి, నల్లిలోనూ ఉన్నాయి, సాలీడులోనూ ఉన్నాయి. మనిషి శరీరం చాలా పెద్దది, ఈ మందును త్వరగా విరిచేసుకోగలదు. సీసాలో సాలీడుకు ఆ వెసులుబాటు లేదు.

వేప మంచిదే కదా అని అడిగేవారూ ఉంటారు. వేపగింజల్లోని ఆజాడిరక్టిన్ పురుగుల్లో పొర విడిచే హార్మోన్ల వరుసను చెడగొట్టి పనిచేస్తుంది. పొర విడిచి పెరిగే పెంపుడు ప్రాణి దగ్గరికి నేనైతే వేపనూనె తీసుకురాను. సాలీడు సీసా ఉన్న గదిలో దోమల ద్రవం కూడా వాడొద్దని అబ్బాయికి చెప్పాను. దోమతెర కట్టుకుంటున్నాడు.

మేం ఏం చేశామంటే

ముందు సాలీడును వేరే సీసాలోకి మార్చాం. చేత్తో పట్టుకోలేదు. పైన గాజు గ్లాసు బోర్లించి, కింద పోస్టు కార్డు జరిపి, ఎత్తి దించాం. ఎగిరే సాలీడు కరిచినా మనకు పెద్ద ప్రమాదం లేదు కానీ నలిగేది అదే. గుత్తి సాలీడు లాంటి వాటి సంగతి వేరు, అవి కరిస్తే కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధిస్తాయి.

కొత్త సీసాలో పొట్టు లేదు. అడుగున తెల్ల కాగితం, ఒక కొత్త పుల్ల. తెల్ల కాగితం మీద నల్లులు కనబడవేమో అనుకుంటారు, కానీ పక్కనుంచి టార్చి వేస్తే వాటి నీడలు కదులుతూ కనిపిస్తాయి. మూతను పెద్దగా కోసి, పాత మల్లు పంచె ముక్క బిగించాం. ఇంకో గుడ్డ కిటికీ సీసా పక్కవైపు కింద పెట్టాలనుకున్నాం కానీ గాజుకు చిల్లి వేయడం కుదరలేదు. అందుకని చివరికి ప్లాస్టిక్ డబ్బాకు మారాం. గాలి కిందనుంచి వచ్చి పైనుంచి పోతేనే తేమ నిలవదు.

సాలీడు కాలి మీది నల్లుల్ని కొంచెం పెట్రోలియం జెల్లీ రాసిన కుంచె కొసతో ఒక్కొక్కటిగా అంటించి తీశాం. పొట్ట కింది వైపు మాత్రం కుంచె వెళ్లనివ్వలేదు. ఊపిరి చీలికలకు జెల్లీ అంటితే నల్లి కంటే ఎక్కువ హాని.

పాత కొబ్బరిపొట్టును ఎండబెట్టి మళ్లీ వాడొచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడే లిఫ్ట్ అడిగే నల్లి గుర్తుండాలి. ఆ ప్రయాణపు రూపం తిండి లేకుండా, పొడిలో చాలాకాలం ఓపిక పడుతుంది. మామూలు నల్లులు చచ్చినా అది మిగిలి, తడి తగలగానే మళ్లీ మొదలుపెడుతుంది. అందుకే పాత పొట్టును కవర్లో కట్టి బయట పడేశాం. తర్వాత పరచడానికి కొత్త పొట్టును ఇడ్లీ కుక్కర్లో అరగంట ఆవిరికి ఉడికించి, మేడ మీద ఎండలో చిటపటలాడేదాకా ఆరబెట్టాం. ఆ వేడికి నల్లీ బతకదు, గుడ్డూ బతకదు. అబ్బాయి వాళ్లమ్మగారు కుక్కర్ ఇవ్వడానికి ముందు ఒప్పుకోలేదు, తర్వాత పాతది ఇచ్చారు.

నల్లులు ఇంకా ఉన్నాయో లేదో చూడటానికి రాత్రి పూట పచ్చి బంగాళదుంప ముక్క ఒకటి డబ్బా అడుగున పెట్టి పొద్దున్నే తీశాం. తడి, పిండి రెండూ ఉంటాయి కాబట్టి నల్లులు దానికి చేరతాయి. మొదటి రోజు పదకొండు లెక్కపెట్టాడు. ముక్కతో సహా వాటిని తీసేశాం. ఈగ డొక్కల్ని తిన్న రోజే తీసేయడం అలవాటు చేసుకున్నాడు.

చీమలకు మన ఇళ్లలో ఉన్న పాత ఉపాయమే పనికొచ్చింది. మీగడ గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో పెడతాం కదా, సాలీడు డబ్బానూ అలాగే పెట్టాం. ఆ నీళ్లను మూడు రోజులకోసారి మార్చాలి, లేకపోతే దోమలకు మనమే చెరువు తవ్వినట్టు.

విదేశాల్లో ఇంకో దారి ఉంది. స్ట్రాటియోలేలాప్స్ అనే వేటాడే నల్లిని తోటల దుకాణాల్లో అమ్ముతారు. దాన్ని పెట్టెలో వదిలితే బూజు నల్లుల్ని, వాటి గుడ్లను తింటుంది. ఆ తిండి అయిపోయాక దాని సంఖ్యా తగ్గిపోతుంది. టరాంటులా పెంపకందార్లు తరచూ వాడే పద్ధతి ఇది.

బంగాళదుంపతో పోనివి

పెంపకందారు నిజంగా గుర్తుపట్టాల్సినవి ఇంకో రెండున్నాయి. ఒకటి ఫోరిడ్ ఈగ. అరటిపళ్ల మీద ముసిరే ఈగంతే ఉంటుంది, వీపు గూనిగా ఉంటుంది. తరిమితే ఎగరడం కంటే తత్తరపడుతూ పరుగెత్తడమే ఎక్కువ. మెగాసేలియా స్కాలారిస్ అనే జాతి ప్రపంచంలో వేడి ప్రాంతాలన్నిటా ఉంది. కుళ్లు వాసనకు వచ్చి, చచ్చిన కీచురాయిలో గుడ్లు పెడుతుంది. బలహీనపడిన, గాయపడిన సాలీడు మీద కూడా పెడుతుంది. దాని పురుగులు మెత్తని పొట్టను తినేస్తాయి. మల్లు గుడ్డ కట్టింది ఎక్కువగా దీని కోసమే. దోమతెర కన్నాల్లోంచి ఇది దూరిపోగలదు.

రెండోది నులిపురుగు. 2022లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్‌లో ఏడ్లర్ డిల్మన్ బృందం టరాంటులాలను చంపే కొత్త నులిపురుగును వర్ణించింది. సాలీళ్లు పెంచి అమ్మే వారొకరు తమ టరాంటులాలు నోటి చుట్టూ తెల్లటి పదార్థంతో చచ్చిపోతున్నాయని వారిని సంప్రదించడంతో ఈ పరిశోధన మొదలైంది. ఆ తెల్లటిదంతా పురుగుల గుంపే. కోరలు కదిలించే శక్తి పోయి సాలీడు తినలేక, నెలల తరబడి మాడి చనిపోతుంది. సాలీడుకు నమిలే దవడలు లేవు. కోరల్లోంచి విషాన్ని ఎక్కించి, జీర్ణరసాలతో ఎరను కరిగించి, రసం పీలుస్తుంది. అందుకే నోటి దగ్గర తిష్ఠ వేసినవాడు మొత్తం ఇల్లు ఆక్రమించినట్టే. ఆ పురుగు జీవితకాలం సుమారు 11 రోజులు, ఆ కొద్ది రోజుల్లోనే దాదాపు 160 గుడ్లు పెడుతుంది. 1990లో వచ్చిన అరాక్నోఫోబియా సినిమాలో సాలీళ్లంటే భయపడే డాక్టరుగా నటించిన జెఫ్ డానియల్స్ పేరే దానికి పెట్టారు.

తేమ తగ్గించినా ఇది లొంగదు. తెల్లటి స్రావం కనిపిస్తే ఆ సాలీడును వెంటనే వేరే గదిలో ఉంచి, దాన్ని ముట్టుకున్న కుంచె, పట్టకారు వేరే పెట్టె దగ్గరకు తీసుకెళ్లకుండా చూడటమే దారి. కొత్తగా తెచ్చిన ఏ సాలీడునైనా కొన్ని వారాలు విడిగా ఉంచాలని చెప్పేది కూడా దీనికోసమే.

అడవి నుంచి, తోట నుంచి తెచ్చిన సాలీడు ఒంట్లోనే అతిథి ఉండొచ్చు. కొన్ని ఈగల పురుగులు చిన్నప్పుడే సాలీడు ఒంట్లో చేరి, ఊపిరితిత్తుల పక్కన తిష్ఠ వేసి, నెలల తర్వాత ఒక రోజు బయటికొస్తాయి. సాలీడును తన పిల్లకు తిండిగా చేసే ప్రాణి మన గోడల మీదా ఉంది. దాని గురించే మన పెద్దలు భ్రమర కీట న్యాయం అని చెబుతారు. కందిరీగ మట్టిగూటిలో పెట్టిన పురుగు దాన్నే ధ్యానిస్తూ కందిరీగ అయిపోతుందని. గోడ మూలల్లో, తలుపు వెనక మట్టిగూళ్లు కట్టే కందిరీగ నిజంగా చేసేది ఇది: సాలీళ్లను కుట్టి, కదలకుండా చేసి, గూటిలో పేరుస్తుంది. వాటి మీద గుడ్డు పెట్టి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ సాలీళ్లను తిని కందిరీగై బయటికొస్తుంది. పాత గూడొకటి గీకి తీసి అబ్బాయికి చూపించాను. లోపల ముడుచుకుపోయిన ఎనిమిది కాళ్ల డొక్కలు ఏడు దొరికాయి. వాటిలో రెండు వాడి సీసాలో ఉన్న జాతివే.

రెండో వారం బంగాళదుంప ముక్క మీద మూడే నల్లులున్నాయి. మూడో వారం ఒక్కటీ లేదు. ఆ లోపు సాలీడు తిండి మానేసింది. డబ్బా పైమూలలో తెల్లని పట్టు సంచి అల్లుకుని లోపలికి వెళ్లిపోయింది. నాలుగు రోజులు బయటికి రాలేదు. అబ్బాయి రోజూ కాలేజీకి వెళ్లే ముందు వచ్చి నన్ను అడిగేవాడు. ముట్టుకోవద్దు, కదపొద్దు అనే చెప్పాను.

ఐదో రోజు పొద్దున ఇంకా కాఫీ కూడా తాగలేదు, మెట్ల మీద అడుగులు వినిపించాయి. పట్టు సంచిలో పాత పొర ముడుచుకుని ఉంది, కాళ్ల తొడుగులతో సహా. సాలీడు సంచి బయట, డబ్బా గోడ మీద వేసిన నీటి చుక్క దగ్గర ముందు కాళ్లు చాపి నిలబడి ఉంది. పాతదానికంటే కొంచెం పెద్దగా, నల్లగా మెరుస్తోంది.

"మాస్టారూ, తాగుతోంది చూడండి" అన్నాడు.